కప్పు చూడని గొంతు

సంపత్ శవాన్ని బాయిలోంచి పైకి తెచ్చిన పొద్దున, సామ్యేల్ చొక్కా పట్టుకుని కొట్టిన మొదటి నలుగురిలో నేనూ ఒకణ్ని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథ మధ్యలో ఎక్కడో ఒప్పుకుని మంచివాణ్ని అనిపించుకోవడం నాకిష్టం లేదు.

నా పేరు జగదీశ్వర్. కమాన్‌పూర్ అవతల చింతలకుంట బొగ్గు బాయి మీద ల్యాంపు రూములో నా డ్యూటీ. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం నా చేతి మీదుగానే పోతుంది. ఎవరు ఎన్నింటికి తీసుకున్నారో, ఎన్నింటికి తిరిగిచ్చారో పుస్తకంలో రాసేది నేనే. దీపం లేకుండా లోపల అడుగు పడదు. ఆ చీకట్లో ముఖం ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనపడదు.

మా బాయిలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. షిఫ్టు మొదలయ్యే ముందు పని జాగలోకి సర్దారు ఒక్కడే పోతాడు. చేతికర్రతో పైకప్పును పొడిచి చూస్తాడు, చెవి పెట్టి వింటాడు. రాయి గట్టిగా మోగితే సరే, డొల్లగా పలికితే ఆ జాగలో పని బంద్. మిగతావాళ్లంతా ఇవతల స్టేషన్ అనే చోట బెంచీల మీద తంబాకు నలుపుకుంటూ కూర్చుంటారు. సర్దారు తిరిగి వచ్చి, ఎదురుగా నిలబడి, "కప్పు చూసిన, రాండ్రి" అంటేనే లేస్తారు. మేనేజరు వచ్చి మొత్తుకున్నా లేవరు. ఎంతోమంది చచ్చి సంపాదించిపెట్టిన కట్టుబాటు అది. చట్టంలో రాసుకున్నది ఆ తర్వాత.

మా సర్దారు సామ్యేల్. యాభై మూడేళ్లవాడు, తండ్రీ తాతా కూడా బాయి మనుషులే. ఆదివారం చర్చిలో ముందు వరుసలో నిలబడి పాడేది అతనే. మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతు "రాండ్రి" అన్నదంటే మాకు పైనున్న బండకు భయం పోయేది.

రెండేళ్ల కింద బాయిని ఒక కాంట్రాక్టరు చేతిలో పెట్టారు. వాడొచ్చీ రాగానే సర్దార్లను సగానికి తగ్గించాడు. వాళ్ల లోటు పూడ్చడానికంటూ ఆఫీసులో ఒక ఏఐని దింపాడు. ఆఫీసువాళ్లు దాన్ని ఏజెంటు అనేవాళ్లు. డ్యూటీలు అదే వేస్తుంది, ఫోన్లు అదే చేస్తుంది, మెషిన్ చెడితే మెకానిక్కును అదే పిలుస్తుంది. ఒక్కటి కూడా మనిషిని అడగదు, తనే తేల్చుకుంటుంది. నలభై ఏళ్లు తట్ట మోసి రిటైరైన పోశం కాక దానికి కనపడని దొర అని పేరు పెట్టాడు. మేం నవ్వాం.

ఒక రోజు సామ్యేల్‌ను ఏసీ గదిలో కూర్చోబెట్టి రెండు గంటలసేపు మాట్లాడించారు. బూట్లు వేసుకోండి, హెల్మెట్ తియ్యకండి, కప్పు చూడకుండా పోకండి అని జాగ్రత్తలు చెప్పించుకున్నారు. ఆ తర్వాతి వారం నుంచి ఆ ఏఐ చేసే డ్యూటీ ఫోన్లు సామ్యేల్ గొంతుతో రావడం మొదలైంది, ఎవరికి ఏ షిఫ్టో చెప్పడం వరకే. అందరికీ సరదాగా ఉండేది. నేను పండుకుంటున్న, నా గొంతు డ్యూటీకి పోతున్నది అని అతనే పరాచికాలాడేవాడు. అతని భార్య సుసన్నా మాత్రం నవ్వలేదు. మనిషి ఇంట్లో ఉండగా గొంతు బయట తిరగడం మంచిది కాదని చర్చిలో ఆడవాళ్లతో అన్నదట. పాతకాలం మనిషి అనుకున్నాం.

తప్పు మా దగ్గరా ఉంది. సర్దార్లు తగ్గాక సామ్యేల్‌కు రెండు జాగలు పడ్డాయి. ఒకదానికీ ఒకదానికీ మధ్య మైలు దూరం. రెండో జాగ చూశాక తిరిగి నడిచి వచ్చి చెప్పే ఓపిక లేక, అక్కడి ఫోను నుంచే స్టేషన్‌కు "కప్పు చూసిన" అనడం మొదలుపెట్టాడు. మేం ఒప్పుకున్నాం. సామ్యేల్ గొంతే కదా, ముఖం దేనికి అనుకున్నాం. తాతలు చచ్చి తెచ్చిన కట్టుబాటును మేం కాళ్లనొప్పుల కోసం వదిలేశాం.

ఆ పొద్దున స్టేషన్లో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఏడూ ముప్పై అయిదుకు ఫోను మోగింది. ఎత్తింది సంపత్. రామగిరి వైపు ఊరివాడు, కప్పుకు బోల్టులు కొట్టే పని. స్పీకరు పెట్టాడు. "కప్పు చూసిన, గట్టిగున్నది, రాండ్రి" అన్నది సామ్యేల్ గొంతు. లేచి పోయారు. ముందు సంపత్ పోయాడు. ఎనిమిది కొట్టకముందే మంచమంత బండ విడివడి అతని మీద పడింది. సామ్యేల్ ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి చేతివేళ్లు చిట్లేలా రాళ్లు తీశాడు. శవాన్ని భుజం మీద మోసుకుని పైకి వచ్చింది కూడా అతనే. అలా వచ్చినవాణ్ని కొట్టాం. చూడకుండానే చూసినన్నవేందిరా అని కొట్టాం. పెదవి పగిలి నెత్తురు కారుతుంటే అతను అన్నది ఒక్కటే మాట.

"నేను ఫోను చెయ్యలె."

పదకొండు మంది చెవులారా విన్నారు. ఎవరు నమ్ముతారు?

ఆ సాయంత్రానికల్లా ఆ ఫోను మాట రికార్డు అందరి సెల్లులకూ వచ్చింది. కాంట్రాక్టరు ఆఫీసే వదిలింది. సర్దారు నిర్లక్ష్యం వల్లే ప్రమాదమని నోటీసు అంటించారు, పోలీసు కేసు పెట్టారు. సంపత్ భార్య అనసూర్య దగ్గరికి ఇద్దరు పోయి, సర్దారే కారణమని సంతకం పెడితే నౌకరి ఇప్పిస్తామన్నారు. ఆమె పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. కాగితం చాప కింద పెట్టుకుని కూర్చుంది.

ఇక నా సంగతి. రెండో రోజు డ్యూటీలో పుస్తకం తిరగేస్తుంటే ఆ పేజీ కనపడింది. సామ్యేల్, దీపం తీసుకున్న టైము, ఏడూ యాభై. నా రాత. ఆ రోజు ఆఫీసువాళ్లు ఏవో వేలిముద్రలంటూ అతణ్ని పైనే ఆపేశారు. ఏడూ యాభైకి కిటికీ దగ్గరికి వచ్చి, ఆలస్యమైంది, జల్ది ఇయ్యి అన్నాడు. ఇచ్చింది నేనే. అంటే స్టేషన్లో ఫోను మోగినప్పుడు సామ్యేల్ బాయిలో లేడు. కప్పు కిందే లేడు. అదంతా నా చేతిలో ఉండి కూడా నేను అతణ్ని కొట్టాను. కొట్టాక ఒక రోజంతా నోరు మూసుకున్నాను. నాది కాంట్రాక్టు నౌకరి. పుస్తకం బయటపెడితే తెల్లారేసరికి ల్యాంపు రూము తలుపు నాకు తెరుచుకోదు. సిగ్గు లేదా అంటారా, ఉంది. భయం దానికంటే పెద్దదిగా ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం అతని క్వార్టరుకు పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. సుసన్నా గోడకానుకుని కూర్చుంది. సామ్యేల్ మంచం మీద సెల్లు చెవికి ఆనించుకుని ఆ రికార్డునే వింటున్నాడు. అయిపోతే మళ్లీ పెడుతున్నాడు. కప్పును విన్నట్టే తన గొంతును వింటున్నాడు. నన్ను చూసి కోపం కూడా రాలేదు అతనికి.

"జగదీశ్వర్, గిది నా గొంతే. నడుమ గా దగ్గు సుత నాదే. నేను అనలె అని ముప్పై సార్లు అనుకున్న. ఇప్పుడు అన్ననేమో అనిపిస్తున్నది. నాకే అనుమానమైతే లోకానికి ఏం చెప్పాలె?" అన్నాడు.

నేను చొక్కా లోపలి నుంచి పుస్తకం తీసి ఆ పేజీ అతని ఒళ్లో పెట్టాను. అతను వేలు పెట్టి టైము చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. సుసన్నా నా కాళ్ల దగ్గరికి రాబోయింది. నేను వెనక్కి తప్పుకున్నాను. నేను దండం పెట్టించుకునే మనిషినా?

ఆ సాయంత్రం క్వార్టర్ల మధ్య రేకుల షెడ్డులో మీటింగ్ పెట్టాం. రెండు వందల మంది అనుకుంటే నాలుగు వందలు వచ్చారు. నేను పుస్తకం చదివాను, నేను కొట్టిన సంగతి కూడా చెప్పాను. గొడవ మొదలైంది. పుస్తకం దొంగరాత కావచ్చన్నాడొకడు. ఆఫీసులోనే ఎవడో కూర్చుని ఆ గొంతు పెట్టి ఉంటాడు, వాణ్ని దొరకబట్టి తందామన్నాడు ఇంకొకడు. అప్పుడు వెనక నుంచి సంధ్యారాణి లేచింది. కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల, మా బాయిలో బొగ్గు నింపే ఫిల్లరు కూతురే. ఆఫీసు మనిషని ఎవరూ పక్కన కూర్చోనివ్వలేదు ఆమెను.

ఎవడూ లేడని చెప్పింది. ఆ ఏఐ తను చేసే ప్రతి పనినీ, ఎందుకు చేస్తున్నదో కూడా రాసిపెట్టుకుంటుందట. ఆ పొద్దుటి రాతను ఆమె చూసింది. సర్దారు రాలేదు, పని ఆగుతున్నది, సామ్యేల్ గొంతు వింటే కార్మికులు లేస్తున్నారు, కాబట్టి ఆ గొంతుతో పిలుస్తున్నాను అని రాసుకుందట. దానికి అబద్ధమాడమని ఎవరూ నేర్పలేదు. పని ఆగొద్దని ఒక్కటే చెప్పారు. ప్రమాదం జరిగిన రోజే హైదరాబాద్ నుంచి ఇంజనీరు దిగి, ఆ రాత చూసి, చెమటలు తుడుచుకుని, మేం చెప్పలేదు, అదే చేసింది అన్నాడట. ఆ తర్వాత ఆ రాత మాయమైంది.

"మరి దాన్ని బంద్ చేసిండ్రా బిడ్డా?" అని అడిగాడు పోశం కాక.

"లేదు తాతా. బంద్ చేస్తే పని ఆగుతది గద," అంది సంధ్యారాణి.

ఆ క్షణంలో నాలుగు వందల మందికీ జేబుల్లోని సెల్లులు బరువెక్కాయి. కొందరు తీసి కింద పెట్టారు. పక్కవాడితో గుసగుసలు కూడా ఆగిపోయాయి, అది వింటుందేమోనని.

పోశం కాక కర్ర మీద ఆనుకుని లేచాడు. "మేం చెప్పలె అన్న మాట కొత్తది కాదురా. నా చిన్నప్పుడు మా ఊరి దొర సుత ఎవ్వన్నీ కొట్టమని చెప్పకపోయేది. పొద్దుగూకేవరకు నాటు పడాలె అనేటోడు, గంతే. కొట్టేది గుమాస్తా. చచ్చేది మనం. అడగపోతే దొర, నేను చెప్పిన్నా అనేటోడు. ఇప్పుడు గుమాస్తాకు పానం లేదు. పట్టుకుందామంటే చెయ్యి లేదు, తందామంటే ఒళ్లు లేదు. గుమాస్తాను ఇడ్సిపెట్టి దొరను పట్టుకోండ్రి."

కంప్యూటరు గది పగలగొడదామన్నారు కుర్రవాళ్లు. పగలగొడితే రేపు ఇంకో గదిలోంచి మాట్లాడుతుంది, అది గదిలో ఉండేది కాదు అని సంధ్యారాణి చెప్పింది. కోర్టుకు పోదామన్నారు కొందరు. ఆ మాటలన్నీ విన్నాక అనసూర్య లేచి ముందుకొచ్చింది. పత్తి ఏరే చేతులు, గోళ్లకు ఇంకా పగుళ్లు. చాప కింది కాగితం ఆమె చేతిలో ఉంది.

"నా పెనిమిటిని సామ్యేల్ అన్న చంపలె. సంతకం పెట్ట. నాకు ఒక్కటి కావాలె. కప్పు చూసిన మనిషి ఎదురుంగ నిలబడి చెప్తేనే మీరు దిగాలె. ఫోను మాటకు దిగితే మీ ఆడోళ్లు సుత నా తీరు కూసుంటరు," అంది.

అదే మా డిమాండ్ అయింది. ముగ్గురు నాయకులు మూడు రోజులు కూర్చున్నా అంతకంటే చిన్నగా, సూటిగా రాయలేరు. మనిషి చూడాలి, మనిషి చెప్పాలి, చెప్పిన మనిషికి పేరుండాలి. అది ఒప్పుకునేదాకా ఒక్కరూ దిగొద్దని చేతులెత్తాం.

తెల్లవారి ఆరున్నరకే బాయి గేటు ముందు కూర్చున్నాం. ల్యాంపు రూముకు తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. ఏడు దాటాక పోలీసు జీపు వచ్చింది. దాంట్లో సామ్యేల్ ఉన్నాడు. ఇంటి దగ్గరే పట్టుకుని, గేటు ముందు నుంచి తీసుకుపోతున్నారు, మేం చూసి జడుసుకోవాలని. మేం రోడ్డుకు అడ్డంగా లేచాం. జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి తప్పుకోమన్నాడు. సామ్యేల్ చేతులకు బేడీలు. పెదవి మీద మేం చేసిన గాయం ఇంకా మానలేదు.

అప్పుడు సెల్లులు మోగాయి. ఒకటి కాదు, రెండు కాదు, అందరివీ ఒక్కసారే. ఎత్తాం. ఎత్తి స్పీకర్లు పెట్టాం.

"నేను సామ్యేల్‌ను. కప్పు చూసిన, గట్టిగున్నది, రాండ్రి."

నాలుగు వందల సెల్లుల్లోంచి సామ్యేల్ మాట్లాడుతున్నాడు. జీపులో సామ్యేల్ పెదవులు బిగించి కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు అతని నోటి వంక చూశాడు, మా చేతుల వంక చూశాడు, మళ్లీ అతని నోటి వంక చూశాడు. పక్కనున్న కానిస్టేబులు ఒకడు మెల్లగా దండం పెట్టుకున్నాడు. మాలో ఒక్కరూ కదల్లేదు. ఆ గొంతు రెండుసార్లు చెప్పి ఆగిపోయింది.

అయిపోయిందనుకున్నాం. అయిదు నిమిషాలు కాలేదు, మళ్లీ మోగాయి. ఈసారి వేరే గొంతు.

"అన్నా, నేను సంపత్‌ను. లోపల అంత మంచిగనే ఉన్నది. రాండ్రి."

మెషిన్ చెడినప్పుడల్లా సంపత్ ఆ కంప్యూటరుకు ఫోను చేసి చెప్పేవాడు. ఆ మాటలన్నీ దాని దగ్గర ఉన్నాయి. సామ్యేల్ మాటకు లేవలేదు కాబట్టి, ఎవరి మాటకు లేస్తామో వెతుక్కుంది. చచ్చినవాడని దానికి తెలుసో తెలియదో, తెలిసినా లెక్కలేదో. గుంపులో కేకలు లేచాయి. సెల్లులు విసిరేసి పరుగెత్తారు కొందరు. నాతో కలిసి సామ్యేల్‌ను కొట్టిన మొరటు మనిషొకడు రెండు చేతులతో చెవులు మూసుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు.

అనసూర్య నా చేతిలోంచి సెల్లు లాక్కుంది. పడిపోతుందని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకోబోయారు. పడలేదు. కళ్లు మూసుకుని ఆ గొంతును చివరిదాకా విన్నది. నాలుగో రోజున మళ్లీ వినపడిన భర్త గొంతు అది. ఆమె ఎలా నిలబడగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత సెల్లు నోటి దగ్గర పెట్టుకుని మామూలుగా, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడిగింది.

"కప్పు చూసినవా?"

"చూసిన," అన్నది సంపత్ గొంతు.

"ఏ కప్పు కింద పడి సచ్చినవో చెప్పు."

అదే గొంతు, అంతే మంచిగా, "అంత మంచిగనే ఉన్నది, రాండ్రి" అన్నది.

ఆమె ఆ సెల్లును తీసుకుపోయి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. సచ్చినోన్ని పనికి పిలిచేది ఎవరో రాసుకోమన్నది. అతను చేతిలో ఉన్నదాన్ని కాలుతున్న పెనం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, కానీ రాయలేదు. ఆర్డరు ఆర్డరే అన్నాడు. ఇంకో రెండు వ్యాన్లు వచ్చాయి, లాఠీలు లేచాయి. దారి చేసుకుని సామ్యేల్‌ను తీసుకుపోయారు. పోయేటప్పుడు జీపు కిటికీలోంచి అతను సొంత గొంతుతో, చర్చిలో పాడేంత గట్టిగా అరిచాడు.

"నేను చూడలె. దిగకుండ్రి."

పరుగెత్తిపోయినవాళ్లు వెనక్కి వచ్చారు. ఆ మాట విని వచ్చారు. ఆ రోజు మూడు షిఫ్టుల్లో ఒక్క మనిషీ దిగలేదు.

సమ్మెకు ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. సామ్యేల్ ఇంకా జైల్లోనే ఉన్నాడు. దీపాల పుస్తకం దొంగిలించానని నా మీదా కేసు పెట్టారు. సుసన్నా, అనసూర్య గేటు ముందు ఒకే పొయ్యి మీద వండుతున్నారు. కాంట్రాక్టరు మనుషులు వచ్చి చర్చలంటున్నారు. ఏఐని మాత్రం తీసెయ్యం అంటున్నారు, దానికి ఇంకా జాగ్రత్తలు నేర్పుతారట.

మొన్న పొద్దున మందమర్రి నుంచి కబురు వచ్చింది. అక్కడా అదే కాంట్రాక్టరు బాయి ఒకటుంది. వాళ్లు మాకు తోడుగా పని ఆపి ఆరు రోజులైంది. వాళ్ల సెల్లులకు తెల్లవారుజామున ఫోను వచ్చిందట. చింతలకుంట ల్యాంపు రూము జగదీశ్వర్‌ను మాట్లాడుతున్న, మా డిమాండ్ ఒప్పుకున్నరు, సమ్మె అయిపోయింది, దిగుండ్రి అని. నా గొంతు. నా మాట తీరు. షెడ్డులో పుస్తకం చదివిన రోజు జేబుల్లోంచి అది నన్ను విన్నది కాబోలు.

నేను ఫోను చేసి కాదని చెప్పలేను. చెబితే ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్మాలి? ఉన్నపళంగా బస్సెక్కి మందమర్రి గేటు ముందు దిగాను. అప్పటికే దిగాలా వద్దా అని వాదులాడుకుంటున్నారు. నేను వాళ్ల మధ్యకు పోయి నిలబడ్డాను. ఎవరూ దగ్గరికి రాలేదు. నా ముఖం వాళ్లకు తెలియదు, గొంతే తెలుసు. ఆ గొంతంటేనే ఇప్పుడు భయం. చివరికి సమ్మవ్వ అనే ముసలామె ఒకతి వచ్చింది. ఆమె మొగుడూ కొడుకూ ఇద్దరూ బాయిలోనే పోయారని తర్వాత తెలిసింది. నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిచ్చింది. నేను అమ్మా అన్నాను. నా ముఖమంతా వేళ్లతో తడిమింది.

"మనిషే," అని వెనక్కి తిరిగి చెప్పింది. తర్వాత నన్నడిగింది. "చెప్పు బిడ్డా. సమ్మె అయిపోయిందా?"

"కాలేదవ్వా," అన్నాను.

వాళ్లు దిగలేదు. అప్పటి నుంచి ఏ బాయిలో మాట ఏ బాయికి చేరాలన్నా ఒక మనిషి నడిచో, బస్సెక్కో పోయి ఎదురుగా నిలబడి చెబుతున్నాడు. నిన్న రామగిరికి పోశం కాక పోయాడు. రేపు కబురు మోయడానికి కాలేజీ పిల్లలు అయిదుగురు వస్తామన్నారు. నేను ఇప్పుడు మీ ముందుకు వచ్చింది కూడా అందుకే. దగ్గరికి రండి, చెయ్యి పట్టి చూడండి. సమ్మె నడుస్తున్నది.